వేట లేని అరవై ఒక్క రోజులు

అంతర్వేది పల్లిపాలెం,
17 ఏప్రిల్ 2025.

పూజ్యులైన మాస్టారు జగన్నాథరావు గారికి, మీ దగ్గర పదో తరగతి చదివిన లోకనాథ్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, రాణి, పిల్లలు బాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని, రాజమండ్రి ఎండలో మీరు బయట తిరగడం లేదని తలుస్తున్నాను.

మీ ఉత్తరం శనివారం అందింది. ఒక ఫోను చేస్తే సరిపోతుంది కదా అని రాణి అడిగింది. ఉత్తరం రాయడం కూడా చేతికి ఒక అలవాటే, ఫోను చేయవద్దని మాస్టారే రాశారని చెప్పాను. నవ్వి ఊరుకుంది. పుస్తకం సంగతి మాత్రం రెండు రోజుల వరకు ఆమెకు కూడా చెప్పలేదు.

మీ స్నేహితుడి ప్రెస్సులో నా పేరుతో కథల పుస్తకం వేస్తారని రాశారు. వారపత్రికలో బహుమతి వచ్చిన 'దాబా మీద మనిషి'ని ముందు పెడతారు. ఇంకో ఎనిమిది కథలు జూన్ పధ్నాలుగు లోపల పంపాలి. సముద్రంలో చేపల వేట మీద నిషేధం కూడా ఆ రోజుతోనే ముగుస్తుంది. అప్పటిదాకా బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. డెక్కు మీద చేపలు ఏరుకునే నాలాంటివాడికి ఇంత తీరిక మళ్ళీ దొరకదు. ఈసారి రాయలేకపోతే ఇక రాయలేనని నాకూ తెలుసు.

మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోవాలి. బాగున్నా బాగాలేకపోయినా పేజీ నిండాలి. ముందురోజు రాసింది కొట్టేయకూడదు. మరునాడు అందుకోవడానికి వీలుగా వాక్యం సగంలో ఆపాలి. కంటికి కనబడింది కనబడినట్టు చిన్న పుస్తకంలో రాసుకోవాలి.

ఇంట్లో చోటు లేదు. తుఫాను షెల్టరు మేడ మీద మెట్ల పక్కన ఒక గది ఖాళీగా ఉంది. పొద్దున్నే ఐదున్నరకి అక్కడికి వెళ్తున్నాను. తొమ్మిదింటికి పేకాట వాళ్ళు వచ్చేలోపు నా పని అయిపోవాలి. మొదటి రోజే మా బోటులో వంట చేసే చినబాబు చూశాడు. "ఏంటి లోకనాథూ, నిషేధం చేపలకా, నీకా? గదిలో పెట్టేశారు" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో అందరికీ నేను రచయిత గారినైపోయాను. టీ కొట్టు దగ్గర, రచయిత గారు ఆలోచనలో ఉన్నారు, ఆయన టీ ఇటు ఇచ్చేయండి అంటున్నారు. వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళకీ పని లేదు కదా.

రెండు రోజులకు రెండు పేజీలు అయ్యాయి. అప్పాజీ అన్న ఉంటే బాగుండేదని అనిపిస్తోంది. ఆయన మా బోటు నడిపే సరంగు. ఏడాదిన్నర కిందట కార్తీకంలో, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటానికి బోటు ఒరిగితే నీళ్ళలో పడి చనిపోయాడు. అప్పట్లో మీకు రాశాను. ఆయన ఉన్నప్పుడు రాయడం ఇంత కష్టంగా ఉండేది కాదు.

మీ శిష్యుడు,
లోకనాథ్


అంతర్వేది పల్లిపాలెం,
19 మే 2025.

మాస్టారు గారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఎండలకు చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది.

ఎన్ని కథలు అయ్యాయని అడిగారు. ఒక్కటీ కాలేదండి. పేజీలు మాత్రం ముప్ఫై నాలుగు ఉన్నాయి. ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరం పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూడా ఒక పేజీ నింపాను.

కనబడింది కనబడినట్టు రాయమన్నారు, రాశాను. ఎర్ర బోటుకి రంగు వేస్తున్నారు, ఒక మనిషి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు అని ఒక రోజు ఉంది. మరునాడు చూస్తే ఆ మనిషి అలాగే కూర్చుని ఉన్నాడు. నా దగ్గర కూడా అంతకు మించి ఏమీ లేదు. వాక్యం సగంలో ఆపితే మరునాటికి మిగతా సగం దొరకడం లేదు. నా నోటుపుస్తకంలో ఇప్పుడు సగం వాక్యాలు చాలా ఉన్నాయి.

రాణికి ఇచ్చి చదవమన్నాను. ఓపికగా మొత్తం చదివింది. "అన్నీ నిజాలేనండి. కానీ ఇవన్నీ నేనూ చూసినవే కదా" అంది.

మీరు క్రితం ఉత్తరంలో 'దాబా మీద మనిషి' గురించి మళ్ళీ రాశారు. అందులోని ఆడమనిషి తన భర్త వేటకు వెళ్ళేటప్పుడు ఒడ్డుకు రాదు. దాబా మీద ఎండుచేపలు తిరగేస్తున్నట్టు నిలబడి, బోటు మొగ దాటేదాకా చూస్తుంది. తిరిగి వచ్చే రోజున ఒక్కొక్క బోటునీ లెక్కపెట్టుకుని, అతను ఇల్లు చేరేసరికి ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర ఉంటుంది. ఇలాంటిది కూర్చుని ఊహిస్తే వచ్చేది కాదు, ఎక్కడో చూసి ఉంటావు, మళ్ళీ అక్కడికే వెళ్ళు అన్నారు. గ్రంథాలయంలో నలుగురికీ ఆ కథ చదివి వినిపించానని కూడా రాశారు.

వెళ్ళాను మాస్టారూ. అక్కడ నాకేమీ దొరకలేదు.

మీ శిష్యుడు,
లోకనాథ్


అంతర్వేది పల్లిపాలెం,
11 జూన్ 2025.

మాస్టారు గారికి నమస్కరించి రాస్తున్నది. మీరు కుశలమని తలుస్తున్నాను.

మీ స్నేహితుడికి పుస్తకం వద్దని చెప్పండి. ఆయన సమయం, మీ మాట రెండూ పాడుచేశాను, మన్నించాలి. ఇంకో మూడు రోజులు ఉన్నాయి కదా అని మీరు అంటారు. మూడు నెలలు ఇచ్చినా ఇంతే.

అలవాటు మాత్రం కుదిరింది. ఐదింటికి దానంతట అదే మెలకువ వస్తోంది. వెళ్తాను, కూర్చుంటాను, పేజీ నిండుతుంది, లేస్తాను. యాభై ఏడు అయ్యాయి. వలలు బాగుచేసే పని మొదలైంది. ఐసుకి చెప్పాం. పదిహేనో తేదీ పొద్దున బోటు వెళ్తుంది, నేనూ వెళ్తాను. కొత్త సరంగు మంచివాడే. ఎక్కువ మాట్లాడడు.

గోడ మీద కాగితం తీసేశాను. తడికి సగం చిరిగింది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ శిష్యుడు,
లోకనాథ్

తా.క. ఉత్తరం కవరులో పెట్టి మళ్ళీ తీశాను. 'దాబా మీద మనిషి' నాది కాదండి, అప్పాజీ అన్నది. వల నీళ్ళలో వేశాక లాగేదాకా మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ ఆయన స్టీరింగు పట్టుకుని ఏదో ఒక కథ చెప్పేవాడు. ఎనిమిదేళ్ళు పక్కన కూర్చుని విన్నాను. ఒక్కటి రాసుకున్నాను, ఆయన చెప్పిన మాటల్లోనే. మీరు మెచ్చుకున్న వాక్యాలు ఆయనవి, చేతిరాత నాది. మిగతావి తర్వాత రాసుకుందాంలే అనుకున్నాను. రోజుకు ఒక పేజీ అని మీరు చెప్పింది అప్పుడు చేసి ఉండాల్సింది. ఇప్పుడు ఒకదాంట్లో ఐసు పెట్టెలో దాక్కున్న పెళ్ళికొడుకు ఉండేవాడని గుర్తుంది. ఎందుకు దాక్కున్నాడో గుర్తు లేదు.

బహుమతి వచ్చినప్పుడు నా కథ అచ్చయిందని ఆయనకు చెప్పాను. ఆయనకు చదువు రాదు. దేని గురించి రాశావని అడిగితే, బోట్ల గురించేలే అన్నా అని చెప్పాను. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చి ఇచ్చాను. బోటులో అందరికీ పంచి, మావాడు రాశాడని చెప్పుకున్నాడు.

మే నెలలో వెళ్ళానని రాసింది ఆయన భార్య లోవమ్మ వదిన దగ్గరికే. అన్న కథలు ఇంకేమైనా తెలుసా అని అడిగాను. ఏం కథలు అంది. ఇంట్లో ఆయన మాట్లాడేవాడు కాదట. తిని పడుకునేవాడట. అప్పుడు పత్రిక తీసి చదివాను. ఎండుచేపలు తిరగేస్తున్నట్టు నిలబడే చోటుకు వచ్చేసరికి ఆమె చేతిలో పని ఆగింది. ఉప్పాడలో ఎవరో ఆడమనిషి అని అన్న చెప్పేవాడు. నేను నమ్మాను. "అయితే నన్ను చూసేవాడన్నమాట" అంది వదిన. కథ కింద నీ పేరు ఎందుకు ఉందని ఆమె అడగలేదు. మీరు గ్రంథాలయంలో మళ్ళీ చదివితే ఆయన పేరు చెప్పి చదవండి.

మరునాటి నుంచి పొద్దున్నే షెల్టరు మెట్ల మీదకి వచ్చి కూర్చునేది. "ఇంకోటి గుర్తొచ్చిందా?" అని అడిగేది. లేదని నేనంటే కాసేపు ఉండి వెళ్ళిపోయేది. ఇరవై రోజులు అలా అయ్యాక, మొన్న ఆదివారం ఇక లేదని చెప్పలేక ఒకటి కల్పించి చెప్పాను. కాగితం లేదు, నోటితోనే. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చింది. నాకు ఎప్పుడూ అలా రాలేదు. ఆమె మొత్తం విని, చీర దులుపుకుని లేచింది.

"ఇది ఆయనది కాదు బాబూ" అంది.

సోమవారం నుంచి రావడం లేదు.