నూట రెండు నుంచి ముప్పై తొమ్మిదికి

ఆగస్టు 14, గురువారం. ఆళ్లగడ్డ

బైబిల్లో యేసు నయం చేసిన పేతురు అత్తకు జ్వరం ఎంత? చెప్పు చూద్దాం. ఆ సంగతి రాసిన లూకా వైద్యుడు. ఆయనే గట్టి జ్వరమని రాసి ఊరుకున్నాడు, అంకె వెయ్యలేదు. ఈ మాటే ఇవాళ లూదియమ్మ ఇంట్లో చెప్పినాను. నేను పాస్టరుగా ఉండే సంఘంలో పాట ఎత్తేది ఆమే. సోమవారం నుంచి మంచం మీదే ఉంది. కూతురు సుకన్య డిజిటల్ థర్మామీటర్ పెట్టి 102 ఉందన్నా, నంద్యాల ఆస్పత్రికి పోదామా అనింది. రేపు ఉపవాస ప్రార్థన పెడతాం, ఆదివారం చూద్దాం అన్నాను.

ఆగస్టు 15

ఉపవాసం. అరిచి అరిచి గొంతు పోయింది.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్నే సుకన్య ఫోన్. 39 చూపిస్తాందన్నా అని. 102 యాడ, 39 యాడ! ఆరాధనలో మైకు పట్టుకుని అరవై మూడు డిగ్రీలు దించినాడు దేవుడు అన్నాను. సంఘమంతా ఏడ్చింది.

అదే దినం, మధ్యాహ్నం

లూదియమ్మను చూడను పోయినాను. చెయ్యి పట్టుకుంటే పెనం మాదిరి కాలుతాంది. థర్మామీటర్‌లో 39.2. అనుమానమొచ్చి నా చంకలో పెట్టుకున్నాను. 36.6. నాకు ఏ రోగమూ లేదు. మరి ఇదేందీ?

దాన్ని అమ్మిన మెడికల్ షాపు షోయబ్‌కు ఫోన్ కొట్టినాను. బటన్ ఎక్కువసేపు నొక్కింటారు, సెల్సియస్‌లోకి పోయింటుంది, అంకె పక్కన సి ఉందేమో చూడన్నా అన్నాడు. ఉంది. మొదట 102 చూపించింది ఫారెన్‌హీట్‌లో అంట. ఆ లెక్కలో 39 ఉండేది మనిషి కాదన్నా, ఫ్రిజ్జులో కూల్‌డ్రింక్ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

లెక్క వాడే చెప్పినాడు. సెల్సియస్‌ను రెట్టింపు చెయ్యి, అందులో పదోవంతు తీసెయ్యి, ముప్పై రెండు కలుపు. 39.2కు రెట్టింపు 78.4. పదోవంతు పోతే 70.56. ముప్పై రెండు కలిపితే 102.56. బైబిలు అట్ట లోపల మళ్లీ వేసి చూసినాను. అదే.

జ్వరం దిగలేదు. ఇంకొంచెం ఎక్కింది.

సాయంత్రం

ఆస్పత్రికి పోదామంటే లూదియమ్మ రానంటాంది. నువ్వే మైకులో స్వస్థత అంటివి, ఇప్పుడు ఆస్పత్రి ఏందన్నా, నీ విశ్వాసం యాడికి పాయె అనింది. నా మాట నమ్మి చచ్చేటట్టుంది ఈమె.

సంఘాన్ని ఆమె వాకిట్లోకే పిలిపించి, ఆమెకు వినపడేటట్టు చెప్పినాను. పొద్దున నేను చెప్పింది అద్భుతం కాదు, నా తెలివితక్కువ. మా సంఘంలోని పౌలు వెనక నుంచి, మరి మన ఉపవాసం ఏమైనట్టన్నా అని గొణిగినాడు. మిగిలిన ప్రార్థన ఆటోలో చేస్తాను, నువ్వు పోయి ఆటో తీసుకురా అన్నాను.

ఆరు గంటలు

ఆటో వచ్చింది. లూదియమ్మా, నువ్వు నమ్మాల్సింది నన్ను కాదు. లే. రేపు కాదు, ఈ పొద్దే. చెప్పులు సుకన్య తెస్తుంది. లే.