ఏంజెల్‌కి చెప్పవలసిన మాట

భవానీపురం, విజయవాడ
18 మార్చి 2025, మంగళవారం

ప్రియమైన చెల్లి ఏంజెల్‌కి,

అక్క శాలిని దీవెనలు. దేవుని దయవల్ల నువ్వూ, బెన్నీ గారూ, మీ అత్తమామలూ ఉయ్యూరులో కులాసాగా ఉన్నారని తలుస్తాను. చెరుకు బళ్ళ రద్దీ తగ్గిందా? ఇక్కడ నేనూ, మీ బావా, చిన్నీ బాగానే ఉన్నాం. ‘బాగానే’ అని రాసి, ఆ మాటకేసి చూస్తూ కూర్చున్నాను. కొట్టేయడానికి చేయి రాలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఈ నెలలో మూడుసార్లు నీకు ఫోన్ చేశాను. మొదటిసారి గోంగూర పచ్చడి గురించి మాట్లాడాను. రెండోసారి మీ అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి. మూడోసారి నువ్వే, ఏంటక్కా ఏదో చెప్పబోయి ఆగుతున్నావు అంటే, ఏం లేదులే అని పెట్టేశాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

నాకు రొమ్ము కేన్సర్ వచ్చి, ఆపరేషనూ కీమో అయిపోయి రెండేళ్ళు దాటింది కదా. ఇంక గండం గడిచిందనుకున్నాం. నువ్వైతే నా జుట్టు మళ్ళీ మొలిచిందని మీ స్కూలంతా స్వీట్లు పంచావు. కానీ ఇంత చిన్న వయసులో వచ్చింది కాబట్టి జీన్ టెస్ట్ కూడా చేయిద్దామని డాక్టర్ శ్రీదుర్గ గారు రక్తం తీయించారు. పదిహేను రోజుల క్రితం రిపోర్టు వచ్చింది. పుట్టుకతోనే నా జీన్‌లో ఒక తేడా ఉందట. దానివల్ల రొమ్ముకే కాదు, అండాశయాలకి కూడా కేన్సర్ వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకంటే చాలా ఎక్కువట. అది స్కానింగుల్లో తొందరగా దొరకదమ్మా, దొరికేసరికి చాలామందికి ముదిరిపోయి ఉంటుంది, నలభై నిండకముందే రెండు ఓవరీలూ, ట్యూబులూ తీయించేసుకోవడం మంచిది అన్నారావిడ. మొన్న డిసెంబరుకి నాకు ముప్ఫై తొమ్మిది నిండాయి.

ఇక అక్కడినుంచి కుదురు లేదు. పాలు స్టవ్ మీద పెట్టి మేడ మీదకి వెళ్ళిపోతున్నాను. స్కూల్లో ఒకే క్లాసు నోటుబుక్కులు రెండుసార్లు దిద్దాను. సాయంత్రాలు ఘాట్ దాకా నడిచి వెళ్ళి, మెట్ల మీద రెండు నిమిషాలు కూర్చోలేక తిరిగి వచ్చేస్తున్నాను. కీమో అప్పుడు ఆగిపోయిన నెలసరి మళ్ళీ వచ్చిన రోజు నీకు ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? ఇప్పుడు తీయించుకుంటే ఇక రాదు. ఒంట్లో సెగలు వస్తాయట, ఎముకలు గుల్లబారతాయట. మామూలుగా ఇచ్చే హార్మోను మాత్రలు కూడా నాలాంటివాళ్ళకి ఇవ్వడానికి వెనకాడతారట. ఇంకో బిడ్డ కావాలని కాదు, మాకు చిన్ని చాలు. అయినా ఒంట్లో ఇంకేం మిగిలిందని తీస్తారు అని కోపం. ఎవరి మీదో తెలియని కోపం.

మీ బావని అడిగితే నీ ఇష్టం అన్నారు. పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే మాట. మొన్న ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూ, నేను చచ్చినా మీకు ఇష్టమేనా అనేశాను. ఆయన బండి పక్కకి ఆపేశారు. పోయినసారి సంతకం పెట్టింది నేను, కోతపడింది నీకు, కట్టు విప్పిన రోజు నీ ముఖం చూసినప్పట్నుంచీ ఏ కాగితం మీదా సంతకం పెట్టాలంటే చెయ్యి ఆడట్లేదు శాలినీ, ఈసారి ముందు నువ్వు చెప్పు, ఏది చెప్పినా నీ పక్కనే ఉంటా అన్నారు. రోడ్డు మీదే ఇద్దరం ఏడ్చాం.

అసలు నన్ను కలవరపెట్టింది నాన్న. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా అని డాక్టరు గారు అడిగితే, లేదండీ, మా అమ్మ కామెర్లతో పోయింది అన్నాను. మనకి తెలిసింది అదే కదా. అయినా అనుమానమొచ్చి మైలవరం వెళ్ళి నాన్నని గట్టిగా అడిగాను. కళ్ళజోడు తుడుస్తూ కూర్చున్నారు. ఆఖరికి, కామెర్లు కాదమ్మా, ఓవరీలో గడ్డ, కడుపంతా నీరు పట్టింది అన్నారు. మరి ఎందుకు చెప్పలేదని అరిచాను. ఇద్దరాడపిల్లలు, కేన్సరున్న ఇంటి పిల్లలంటే ఎవరు చేసుకుంటారు, ఎట్టా చెప్పమంటావు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళి కోసం ప్రాణాలు పణంగా పెట్టారు, మీరేం తండ్రి అన్నాను. ఆయన వడ్డించిన అన్నం ముట్టకుండా బస్సెక్కేశాను.

అమ్మ పోయేనాటికి నీకు పన్నెండేళ్ళు. నీకు జడలు వేయడం నేను నేర్చుకున్నది ఆ ఏడే. ఇప్పుడు చిన్నికి పదకొండు. మొన్న దాని పాపిడి తీస్తుంటే, ఇంక ఆలోచించేదేం లేదనిపించింది. ఈస్టర్ వెళ్ళిన మంగళవారం ఆపరేషన్. మీ బావ సంతకం పెట్టారు, ముందు నేను పెట్టాక.

ఇక నీ సంగతి. ఈ తేడా నాకు అమ్మ నుంచే వచ్చి ఉంటుందట. నీకు వచ్చి ఉండటానికి సగం అవకాశం ఉంది, రాకపోవడానికీ సగమే. రక్తం పరీక్షతో తేలిపోతుంది. ఉంటే ఇప్పట్నుంచే ఏటేటా రొమ్ముకి స్కానింగులు చేయించుకోవచ్చు, పిల్లల సంగతి ముందే ఆలోచించుకోవచ్చు. లేకపోతే నిశ్చింత. నా రిపోర్టు జిరాక్సు ఇందులో పెడుతున్నాను. డాక్టరు గారి నంబరు దాని వెనకాల రాశాను. బెన్నీ గారికి చూపించు.

నీ క్షేమం కోరే
అక్క శాలిని

తా.క.: జిరాక్సు మడుస్తుంటే పైన తేదీ కనబడింది. అది కనబడకుండా ఇంకోటి తీయిద్దామని షాపుదాకా వెళ్ళాను కూడా. తీయించలేక వచ్చి ఇది రాస్తున్నాను.

రిపోర్టు వచ్చింది పదిహేను రోజుల క్రితం కాదు, పోయిన నవంబరు పద్నాలుగున. నాన్నని నానామాటలు అన్నదీ ఆ వారమే. అప్పటికి నీ ప్రధానం అయి పది రోజులైంది. నీ చెల్లెలికి చెప్పావా అని డాక్టరు గారు వెళ్ళిన ప్రతిసారీ అడిగారు. చెప్పానండీ అన్నాను. బెన్నీ వాళ్ళకి తెలిస్తే వెనక్కి పోతారని భయమేసింది ఏంజీ. పెళ్ళినాడు నీ ముసుగు సర్దుతుంటే, చేతులు వణుకుతున్నాయేంటక్కా అన్నావు. చలి అన్నాను. ముందే తెలిస్తే ఆయనకి చెప్పుకోవాలో వద్దో నువ్వే తేల్చుకునేదానివి. ఆ వీలు నీకు లేకుండా చేసింది నేనే. నాన్నని అన్న ప్రతి మాటా నాకూ వర్తిస్తుంది.

నన్ను ఏమన్నా పడతాను. జన్మలో మాట్లాడనన్నా సరే. ముందు వెళ్ళి ఆ రక్తం ఇవ్వు.