కాకి రాని మూడు వారాలు

పుణె,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లె మంజుల దండం పెట్టి రాస్తున్నది. ఖిల్లా ఘణపూర్‌లో నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారనుకుంటున్నాను. మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? చిన్నోడు బడికి ఏడవకుండా పోతున్నాడా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నా గురించి ఏమీ పరేషాన్ కావద్దు. మళ్లీ చెబుతున్నాను, బాగానే ఉన్నాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటని నవ్వుతావు. ఫోన్‌లో నేను నోరు తెరిస్తే చాలు, "సర్లే, ఇగ పెట్టెయ్" అంటావు. కాగితాన్ని మధ్యలో ఆపలేవు కదా. నాతో పని చేసే యాదమ్మత్త పెనిమిటి ఊరికి వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. దీంతో పాటు రెండు తువ్వాళ్లు, పిల్లలకు ఇక్కడి కారం మురుకులు పెట్టాను. అన్నీ బావకే పెట్టకు.

పోయినసారి ఫోన్‌లో నువ్వు రెండు మాటలన్నావు. ఒకటి, మనమిద్దరం చూస్తున్న ఆ దయ్యాల సీరియల్ పనికిమాలినదని, ఇక చూడనని. రెండోది, నాయన సంవత్సరీకానికి రానని. రెండూ ఒక్క ఊపిరిలో అని ఫోన్ పెట్టేశావు. ఈ ఉత్తరం ఆ రెండింటికీ జవాబు. చివరిదాకా చదువు, నా మీద ఒట్టు.

ముందు ఇక్కడి సంగతులు. వానలు ఇంకా పోలేదు. ఉతికిన బట్టలు ఇంట్లోనే దండెం మీద వాసన పడుతున్నాయి. మీ మరిది క్రేన్ పని వానకు ఒకరోజు నడిస్తే ఒకరోజు ఆగుతున్నది. నా పని మాత్రం ఆగదు. ఆఫీసులకు అన్నం డబ్బాలు కట్టే వంటశాల కదా, వానైనా ఎండైనా వాళ్లకు ఆకలి వేస్తుంది. పొద్దంతా చపాతీలు చేసి చేసి మణికట్టు పట్టేస్తున్నది. ఇక్కడ కూడా జొన్నరొట్టె దొరుకుతుంది కాని మన అమ్మ చేసినట్టు పలుచగా ఉండదు. తొక్కు అయిపోయింది. ఆయన తిరిగి వచ్చేటప్పుడు ఒక డబ్బా మామిడికాయ తొక్కు ఇచ్చి పంపమని అమ్మకు చెప్పు, వెల్లుల్లి ఎక్కువ వేయమను.

డబ్బాలు బండెక్కాక మాకు కొంచెం తీరిక. అప్పుడు నేనూ యాదమ్మత్తా పిండి డబ్బాకు ఫోన్ ఆనించి సీరియల్ చూస్తాం. యాదమ్మత్త నీకు తెలుసు, నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి, నా పక్క పీట మీద కూర్చొని చపాతీలు చేస్తుంది. ప్రతి వారం చూస్తుంది, ప్రతి వారం తిడుతుంది. "ఏందే గీ సీరియల్? దయ్యం ఒక్కపారన్న సక్కగ కనవడదు. పైసలు లేక దయ్యాన్ని పెట్టుకోలేదా ఏంది?" అంటుంది. కనబడకపోవడమే కదా దాని గొప్పతనం అని నేనంటాను. ఆ ముసలాయన బావిలో పడి చనిపోయాక, వంటింటి గచ్చు మీద తడి పాదం ఒక్కటే చూపించారు చూడు, రెండోది చూపించలేదు. ఆ రెండో పాదం ఎక్కడ పడిందా అని నేను వారమంతా ఆలోచించాను. దయ్యాన్ని జుట్టు విరబోసి ఎదుట నిలబెడితే ఒక్క అరుపుతో భయం తీరిపోయేది. తీరిపోని భయం పెట్టడం ఎంత కష్టమో తిట్టేవాళ్లకు తెల్వదు.

ఫోన్‌లో ఆ సీరియల్ కింద జనం రాసేవి చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఒకడు సాగదీత అంటాడు. ఒకడు ఆ ముసలాయన చావు వెనకున్న దొంగెవరో మొదటి వారమే తెలిసిపోయిందంటాడు, ఎవరో చెప్పమంటే మాత్రం చెప్పడు. ఇంకొకామె రెండింతల వేగం పెట్టుకుని, మధ్య మధ్య దాటేసి చూసి, ఏమీ అర్థం కాలేదని రాసింది. ఎట్లా అర్థమవుతుంది తల్లీ? ఎసట్లో బియ్యం పోసి నిమిషానికోసారి మూత తీసి ఉడకలేదని ఏడిస్తే తప్పు బియ్యానిదా? పజిల్ పెట్టేవాడు జవాబు ముందే చెప్పాలంటే ఎట్లా?

సరే, తప్పులు లేవని నేననను. అత్త వేషం వేసినామె నెత్తికి పూసిన తెల్లరంగు చెమటకు కారుతుంది. పాట మోత ఎక్కువ, మాటలు వినబడవు. చూసిందే మళ్లీ మళ్లీ చూపిస్తారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇన్నేళ్లుగా నేను చూసినవాటిలో, చూసేవాళ్లకు బుర్ర ఉంటుందని నమ్మి తీసింది ఇదొక్కటే. ఒక చిన్న చప్పుడు, ఒక మూసిన కిటికీ మనకు చూపించి ఊరుకుంటారు. అర్థం చేసుకోవడం మనకే వదిలేస్తారు. నాకైతే అది మర్యాదగా అనిపిస్తుంది.

ఇక అందరూ తిట్టిపోసిన ఆ కాకి సంగతి. ముసలాయన మూడో రోజు పిట్టకు పెట్టారు. పెరట్లో విస్తరి వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి, అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకి రాలేదు. పెద్దకొడుకు వచ్చి, చెల్లెకు భాగం ఇస్తానన్నాడు. రాలేదు. ముసలాయన భార్య వచ్చి ఏడ్చింది. రాలేదు. మూడు వారాలు అదే. యాదమ్మత్త పీట మీద చెయ్యి కొట్టి, "మూడు వారాల సంది గా కాకి కోసమే సూస్తుండ్రు. మా ఊళ్లె గింతసేపు ఎవ్వలు నిలవడరు, ఆవుకు పెట్టి ఇంటికి పోతరు" అన్నది. నువ్వు రెండో వారం దగ్గరే ఆపేశావు. "సాగదీస్తుండ్రు, నేను సూడను" అన్నావు.

అక్కా, బావిలో తాడు లాగే ఘట్టం ఒక గంట నడిస్తే నువ్వు కన్నార్పకుండా చూశావు, మర్నాడు నాకు ఫోన్ చేసి మరీ చెప్పావు. సాగదీసినందుకు నువ్వు ఆపలేదని నాకు తెలుసు. ఆ విస్తరి చూడలేక ఆపావు.

నాయన మూడో రోజు నాకు నిన్నటిలాగే ఉంది. పెద్దమందడి చేన్లో, నాయనను పెట్టిన చోట, మోదుగాకు విస్తరిలో జొన్నరొట్టె, మటన్ కూర, పక్కన కల్లు, బీడీ కట్ట. తమ్ముడు మొక్కి, అమ్మను చూసుకుంటానన్నాడు. రాలేదు. నేను మొక్కాను. రాలేదు. చివరికి నువ్వు ముందుకొచ్చావు. నీ చిన్నోడి పుట్టువెంట్రుకలకు నాయన రాలేదని నువ్వు ఆయనతో మాట మానేసి కొన్ని నెలలైంది. దవాఖానలో చేర్చినప్పుడు బస్సెక్కావు కాని నువ్వు వచ్చేసరికి ఆయన లేడు. ఆ రోజు విస్తరి ముందు కూర్చొని, "తిను నాయనా, నాదే తప్పు, తిను" అని ఎంతసేపు అన్నావో. ఎవరో వెనక నుంచి, "ఎవ్వల మీద కోపమో ఏమో" అన్నారు. ఆ మాట ఎవరన్నారో నాకిప్పటికీ తెలియదు, తెలిస్తే వాళ్ల సంగతి చెప్పేదాన్ని. ఎండెక్కాక అన్నం ఆవుకు పెట్టి వచ్చేశాం. అప్పటి నుంచి నువ్వు ఆ చేను దిక్కు పోలేదు. మొన్న ఫోన్‌లో, "నాయనకు నా మీద కోపం పోలే. నేనొస్తే మల్ల గట్లనే అయితది" అన్నావు. అది విన్న రోజు నేను చపాతీలన్నీ మాడ్చాను.

ఇప్పుడు నువ్వు చూడని మూడో వారం చెబుతాను. అసలు దొంగ ఎవరో చెప్పను, అది నువ్వే చూసుకో. అందరూ విస్తరి దిక్కే చూస్తుంటారు. చిన్నకోడలు ఒక్కతే తల ఎత్తి చుట్టూ చూస్తుంది. కెమెరా ఆమె కళ్లవెంట మెల్లగా తిరుగుతుంది. వేపచెట్టు మీద కాకి లేదు. కాకే కాదు, పిచ్చుక కూడా లేదు. గోడ మీద పావురం లేదు. మోత పాట కూడా ఆపేశారు, ఒక్క చప్పుడు లేదు. అప్పుడామె, "మామకు మన మీద కోపముంటె కాకి రాకపోవాలె. పిచ్చుకలకేమైంది?" అంటుంది. అంతే, నాకు ఒళ్లు జల్లుమన్నది. పిట్టలన్నీ దేనికో బెదిరాయి, మిద్దె మీద ఎవరో దాగి ఉన్నారు. ఆ ఒక్క ప్రశ్న కోసం మూడు వారాలు మనల్ని కూడా ఆ విస్తరి దిక్కే చూపించారు. మనం కూడా వాళ్లలాగే మోసపోవాలని. దాన్ని సాగదీత అంటే నేను ఒప్పుకోను. యాదమ్మత్త కూడా చేతిలో పిండి ముద్ద పట్టుకొని అట్లే ఉండిపోయింది. "ఔనే, పిచ్చుకలకేమైంది?" అన్నది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రొట్టెలు కాలుస్తున్నా అదే. మన చేన్లో ఆ రోజు పిచ్చుకలున్నాయా? గొరవంకలున్నాయా? ఎంత తలచుకున్నా ఒక్క పిట్ట గుర్తుకు రాలేదు. ఒక చప్పుడు మాత్రం గుర్తుకొచ్చింది. గాలి వీచినప్పుడల్లా జుయ్యిమని సన్నగా మోగింది. ఏడ్చి ఏడ్చి నా చెవులే మోగుతున్నాయనుకున్నాను అప్పుడు. నీకూ వినబడిందా? కళ్లు మూసుకొని గుర్తు చేసుకో.

వెంటనే మన గట్టు పక్క చేను బాలయ్య మామకు ఫోన్ చేశాను. ముందు క్షేమసమాచారాలు, ఆయన ఎద్దు సంగతి, మోటారు సంగతి అన్నీ విన్నాను. ఆ తర్వాత అడిగాను, నాయన పోయినప్పుడు చేన్లో ఏముండె మామా అని.

"పల్లికాయ ఏసినం గద బిడ్డా. మీదీ, మాదీ. గింజ మొలుస్తుండె. కాకులు, గొరవంకలు పెకిలిస్తయని మెరుపు రిబ్బన్లు గట్టిన. ఒక దిక్కు ఎర్రగ, ఒక దిక్కు తెల్లగ మెరుస్తయి సూడు, గవ్వి."

"మన చేన్ల గూడనా?"

"రెండు చేన్లల్ల. మీ నాయననే గద తెచ్చిచ్చింది. దవాఖానకు పొయ్యే ముందట వనపర్తి పోయి రెండు సుట్టలు పట్టుకొచ్చిండు. రెండు నా చేతుల పెట్టి, నాకు పాణం మంచిగ లేదు, మా చేన్ల గూడ నువ్వే గట్టు బాలయ్యా అన్నడు."

తర్వాత తనే నవ్వుతూ చెప్పాడు. "మస్తు ఖుషీగున్నడు బిడ్డా గా దినం. సుట్టలు నా చేతుల పెట్టి ఏమన్నడో ఎర్కనా? ఇది గట్టినవనుకో, ఒక్క పిట్ట గూడ వాలది జూడు, అన్నడు."

అక్కా, ఆ మాట విని నేను పిండి చేతులతోనే ముఖం కప్పుకొని ఏడ్చాను, నవ్వాను కూడా. యాదమ్మత్తకు భయమేసి నీళ్లు తెచ్చింది. కాకి రాకపోవడానికి నీ మీద కోపం కారణం కాదు. నాయన చేసిన పని కారణం. ఆయన ఏ పని చేసినా గట్టిగానే చేసేవాడు కదా. మనమంతా విస్తరి దిక్కు చూసి ఏడుస్తుంటే, మన నెత్తి మీద ఆయన తెచ్చిన రిబ్బన్లే మోగుతున్నాయి. ఆచారం అబద్ధమని నేను అనడం లేదు. కాకి వచ్చే దారి ఉందా అని ముందు చూడాలంటున్నాను. ఆ చూపు నాకు నువ్వు పనికిమాలినదన్న సీరియలే ఇచ్చింది. రోజూ వంద కాగితాలు చదివే పని కాదు నాది, చపాతీలు చేసే పని. అయినా ఒక్క ప్రశ్న ఎట్లా అడగాలో ఆ చిన్నకోడలు నేర్పింది. ఇక నుంచి దాన్ని ఎవరు తిట్టినా నేను ఊరుకోను, నువ్వైనా సరే.

సంవత్సరీకానికి నేనూ మీ మరిదీ వస్తున్నాం, రైలు టికెట్లు కూడా అయినాయి. వంటశాలలో సెలవు అడిగాను, మొదట మొహం ముడుచుకున్నారు కాని ఇచ్చారు. నువ్వు రా. బావకు నేను చెబుతాను. పిల్లలను కూడా తీసుకురా, చిన్నోడి గుండు నాయన చూడనేలేదు. అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పాలని ఆపాను.

మీ అత్తమ్మకు, మామకు నా దండాలు చెప్పు. బావను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. చెల్లె ఎక్కడున్నా చల్లగా ఉండాలని నువ్వు ఒక్కమాట అనుకో, నాకు అదే చాలు.

ఈ ఏడు కూడా రెండు చేన్లలో పల్లికాయే వేశారట. నాయన తెచ్చిన రిబ్బన్లే మళ్లీ కట్టారట, ఇంకా గట్టిగానే ఉన్నాయట. సంవత్సరీకం రోజు పొద్దున్నే అన్నీ విప్పి చుట్టి పెడతానని బాలయ్య మామ మాటిచ్చాడు. విస్తరి మాత్రం నువ్వే వెయ్యాలి.

నీ వెనక పుట్టి, నీ కొంగు పట్టుకొని తిరిగిన చెల్లె,
మంజుల