ఫోన్ చూపకుండా కత్తియుద్ధం

ఆగస్టు 7, గురువారం

పొద్దున్నే ఆశ్చర్యం. రేపు తెలుగు క్లాసులో నాకు నచ్చిన జపాన్ యానిమే కార్టూన్లలోని పోరాటాల గురించి మాట్లాడతానంటే సార్ ఒప్పుకున్నారు. "కానీ ఫోన్ చూపియ్యద్దు. మాటల్తోనే చూపియ్యాలె" అన్నారు.

సాయంత్రం అక్క ముందు చెప్పి చూశాను. ఎవరు ఎంత ఎత్తు ఎగిరారో, ఏ కొండ పగిలిందో అంతా చెప్పాను. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "గంతసేపు కొట్టుకున్నరు గదా, ఒక్కనికన్న దెబ్బ తాకిందా తమ్మీ?" అని నవ్వింది. క్లాసులో కూడా ఇలాగే నవ్వితే?

ఏం తోచక, అన్నదమ్ములు వానలో కత్తులు దూసే ఘట్టం అందుకున్నాను. అక్కడ సంగీతం ఆగిపోతుంది. తనకు కత్తి పట్టడం నేర్పిన అన్న చేతినే తమ్ముడు నరకాలి. అక్క చేతులు ఆగాయి.

"నరికిండా?"

వెంటనే చెప్పలేదు. దెబ్బ కంటే దెబ్బకు ముందటి ఆ మౌనమే గుర్తుండిపోతుందేమో. కానీ అందరూ చూస్తుండగా అలా మౌనంగా నిలబడగలనా? మాట మరిచిపోయాననుకుంటే...

రేపు పొద్దున డోర్నకల్‌లో బడికి వెళ్లే రైలు ఎక్కగానే, కొండలు పగలడం అంతా తీసేసి, వాన దగ్గరే మొదలుపెడతాను. ఎదుటి సీటువాళ్లు వింతగా చూసినా సరే, మహబూబాబాద్ వచ్చేలోపు ఒక్కసారైనా తొందరపడకుండా ఆగడం నేర్చుకోవాలి.