రెండోసారి చూసే సభ

ఢిల్లీ, జనవరి 8, 1949

రుక్కమ్మకు, నేను మంచిగున్న, చలికి కంబళి ఉన్నది, ఫికర్ చేయకు.

ఇక్కడ పెద్ద సభల మంచినీళ్లు అందిస్తున్న. దేశానికి కానూన్లు ఎట్ల చేయాలె అని మొన్న మాట్లాడుకున్నరు. రెండు సభలుంటయంట. ఒకదాంట్ల ఒప్పుకున్నది రెండోదాంట్ల మళ్ల చూస్తరు. రెండూ సరే అంటేనే దేశానికి పెద్దాయన దస్కతు చేస్తడు. ఒకాయన లేచి, "రెండోది ఎందుకు, పని ఎనకపడ్తది" అన్నడు. ఇంకొకాయన, "కోపంల చేసినదాన్ని నిమ్మళంగ చూసెటోళ్లు ఉండాలె" అన్నడు. గ్లాసు చేతిల పట్టుకొని ఆడ్నే నిలబడిపోయిన.

మోట తోలు బొక్కెన కోసిండని నా తమ్ముడు మొగిలిని ఇంట్లకెళ్లి ఎల్లగొడుతుంటే, "ఒక్క దినం ఆగు, అడిగి చూద్దాం" అని నువ్వన్నవు. "ఆడదానివి, నడుమ మాట్లాడకు" అని వాడకట్టోళ్లందరి ముంగట నీ మీద ఒర్లిన. బొక్కెనను ఎలుకలు కొట్టినయని తెలిసేటాళ్లకు వాడు నార్సింగి పోయిండు. మనింట్ల రెండో సభ నువ్వే ఉంటివి. నేనే నోరు మూయించిన.

నార్సింగికి మనిషిని పంపి మొగిలిని పిలిపించు. బర్రె ఈనిందా? బిడ్డ నీలమ్మకు దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు.

ఈ ముచ్చట కవర్ల పెట్టి పంపొచ్చు. కావాలనే కార్డు మీద రాసిన. మన ఖాజాగూడల ఎవరి కార్డొచ్చినా లింగమూర్తి పంతులే అరుగు మీద కూసొని చదువుతడు, అందరు ఇంటరు. నిన్ను తిట్టింది గూడ అందరి ముంగటనే గదా.

పంతులూ, జర గట్టిగ చదువుండ్రి.

బాలనర్సయ్య