నల్ల డబ్బాలో అక్షరాలు

సిద్దిపేట, మంగళవారం

అఫ్సర్ భాయ్,

మీరు నా ఫోను ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. చింపేసే ముందు చదవండి.

లారీలు తూచే బెజ్జంకి ధర్మకాంటాలో తూకం ప్రోగ్రాం మధ్యలో ఆగినప్పుడల్లా, ఎందుకు ఆగిందో ఒక ఫైలులో రాసుకోవాలి. నా లైనక్స్ లాప్‌టాప్‌లో సరిగ్గానే రాసుకుంది. కాంటా దగ్గర మీరు నడిపే విండోస్ కంప్యూటర్‌లో మూడు వారాలు చూశాను, ఆ ఫైలే లేదు. మీరే తుడిచేస్తున్నారనుకున్నాను. పైగా మీరు ఫోనుతో తెరను ఫోటోలు తీయడం కనిపించింది. ఎవరికో పంపుతున్నారని యజమాని చంద్రశేఖర్ గారికి చెప్పాను. మిమ్మల్ని పనిలోంచి మాన్పించింది నా మాటే.

నిన్న తెలిసింది. ఆ రాతను ఫైలులోకి మళ్లించే ఆదేశం ప్రోగ్రాంలో లేదు. నా లాప్‌టాప్‌లో దాన్ని మొదలుపెట్టే కమాండులో ఉంది. మీరు ఐకాన్ నొక్కి తెరిస్తే ఆ ఆదేశం నడవదు. రాతంతా తెరమీద తెరుచుకునే నల్ల డబ్బాలోకే వచ్చి, దాన్ని మూయగానే పోయింది.

"మేడం, గీ నల్ల డబ్బల ఏవో అక్షరాలు ఉరుకుతున్నయి, సూడుండ్రి" అని మీరు రెండుసార్లు అన్నారు. "మీకెందుకు, మూసెయ్యుండ్రి" అన్నాను.

ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా ప్రోగ్రామే ఫైలు తెరుచుకునేలా మార్చాను. కానీ పాత తప్పుల జాడ మీ ఫోటోల్లో తప్ప ఎక్కడా లేదు. దయచేసి పంపండి. చంద్రశేఖర్ గారి ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

అయినా అవి ఎందుకు తీశారు? నాకు చూపించడానికేనా?

'ఒక్క ఫోటో తుడిచినా నాకు తెలిసిపోతుంది' అని పైన రాసి, కొట్టేశాను. గీత కింద మీకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇట్లు,
కాంటాకు ప్రోగ్రాం రాసిన మనిషి