నీ రివర్స్ హారన్

శ్రీనుగా, ఇద్దరం కలిసి తినాల్సిన తన్నులు నా ఒక్కడికే పడతాయని ఇవాళ పొద్దున్నుంచీ వణికి చచ్చాను.

మీ చెల్లె స్వప్న పెళ్లయింది. "పిల్ల వాళ్లన్న కార్లనే అత్తగారింటికి పోవాలె" అని మీ బాపు నీ పాత కారుకు కొత్త బ్యాటరీ వేయించి, తాళాలు నా చేతిలో పెట్టాడు. నువ్వు పోయాక దాన్ని ఎవరూ నడపలేదు. ఇంటర్లో లెక్చరర్లను హడలగొట్టడానికి నీ గొంతు రికార్డు చేసి మనం బిగించిన రివర్స్ హారన్ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. వైరు పీకేద్దామంటే మీ బాపు డిక్కీకి పూలు కడుతూ అక్కడి నుంచి కదల్లేదు.

సిద్దిపేట నుంచి చింతమడక దాకా ఒక్కసారి కూడా రివర్స్ వేయకుండా వచ్చాను. పెళ్లికొడుకు ఇంటి సందులో వడ్ల ట్రాక్టర్ ఎదురొచ్చింది. మా వెనక బ్యాండు, వియ్యాలవారు.

"ఎన్కకు తియ్యి" అన్నాడు పక్కన కూర్చున్న మీ బాపు.

తీశాను. నీ పదిహేడేళ్ల గొంతు సందంతా మోగింది.

"ఓ సారూ, జర జరుగు, ముడ్డికి ముడ్డి తగుల్తది."

పెళ్లికొడుకు తండ్రి పక్కకు గెంతాడు. బ్యాండు ఆగిపోయింది. వెనక సీట్లో స్వప్న మీ అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

ట్రాక్టర్ వెళ్లిపోయింది. నేను గేరు మార్చబోతే మీ బాపు నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"దారి ఖాళీ అయింది బాపూ" అన్నాను.

"కానియ్యిరా. ఇంకింత ఎన్కకు పోనియ్యి."